పొత్తిళ్ల రొట్టె

ఆ ఏడు వానలు వెనకబట్టాక కూడా నాకు కాలు ఒకచోట నిలవలేదు. బర్మాలో మేమున్న రంగం పట్నం రేవులో ఓడ కూసిందంటే చేతిలో పని చేతిలోనే వదిలేసి వీధిలోకొచ్చి నిలబడేవాణ్ణి. అది వచ్చే ఓడో పోయే ఓడో కూత బట్టి తెలిసేది కాదు. తెలిసినా నేను చేసేదేమీ లేదు. మా బావమరిది పోలయ్య రేవులో మూటలు మోసేవాడు. క్రిస్మసుకు ముందు మా ఊరివైపు బారువ రేవుకు పోయే ఓడ ఎక్కుతానన్నాడు. వాడెక్కితే ఎక్కాడు, పీడా పోయింది. వాళ్లక్కను కూడా ఎక్కిస్తానన్నాడు. వాళ్లక్కంటే నా భార్య తులసమ్మ.

"నువ్వు రమ్మన్నావా, అదే వస్తానన్నాదా?" అని అడిగాను వాణ్ణి.

"అదే అన్నాది బావా. నానెందుకు అబద్దమాడతాను? ఈ రంగంలో నాకింక ఏటున్నాదిరా తమ్మూ అన్నాది."

"నానున్నాను కదా."

"ఆ మాట కూడా అన్నాను. ఊరుకున్నాది."

వాడు బీడీ పారేసి లేచిపోయాడు. తులసమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మేం మాట్లాడుకున్నది ఆ ఒక్క గదిలోనే. ఆమె వినకుండా ఉండడానికి మా కొంపకు ఇంకో గది లేదు.

రంగం నుంచి పుట్టింటికి పోయిన ఆడది మళ్లీ సముద్రం దాటి రావడం నేను ఎక్కడా చూడలేదు. మూడో తరగతిలో పలక పారేసినవాణ్ణి, నాకు లెక్కలు రావు గానీ ఆ మాత్రం లెక్క నాకూ తెలుసు. ఆ ఓడ ఎక్కితే తులసమ్మ నాకు లేనట్టే.

వానలు కాస్త వెనకబడుతున్నప్పుడు మా పిల్ల పోయింది. పురుటి స్నానం కూడా కాలేదు, పేరు పెట్టలేదు. మా వాళ్లలో అంత పసిగుడ్డును కాల్చరు, పూడుస్తారు. ఆ చోటికి ఆడవాళ్లు రారు. గుడ్డలో చుట్టి నేను ఎత్తుకుని గుమ్మం దాటబోతుంటే తులసమ్మ పాకుతూ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"మొకం కప్పకు. ఊపిరాడదు దానికి" అంది.

బయట కుండపోత. నేను గుడ్డ కొస లాగి ముఖం మీద కప్పేశాను. పోలయ్యా నేనూ ఊరి చివరి పేట చిమిండైంగ్ దాకా తడుస్తూ నడిచి, ఏటి ఒడ్డున పని ముగించుకుని వచ్చాం. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడలేదు. అన్నం వండేది, నా ముందు పెట్టేది, అంతే. పక్కగది వాళ్లతో మాత్రం ఒకే మాట అనేది: "మొకం కప్పీసినాడమ్మా. సూస్తుండగానే కప్పీసినాడు." చచ్చిన పిల్లకు ఊపిరేమిటని వాళ్లెవరూ అనలేదు. నా వంక చూసేవాళ్లు. బిడ్డ పోతే తల్లిని ఓదార్చడానికి వీధంతా వస్తుంది. మోసుకెళ్లినవాణ్ణి ఎవడూ ఏమీ అడగడు.

నేను పని చేసేది చౌక్తడా పేటలో, కోర్టు వెనక వీధిలో ఒక దొరసాని రొట్టెల బట్టీలో. ఎల్సా దొరసాని ఇంగ్లీషావిడ కాదు. వాళ్లది మంచు పడే దేశమని చెప్పేది. పెద్ద యుద్ధంలో ఆమె భర్తను శత్రుదేశం వాడని ఎక్కడో కంచె వేసి బంధించారని, అక్కడే పోయాడని అనుకునేవాళ్లు. ఆమె మాత్రం రంగంలోనే ఉండిపోయి రొట్టెలమ్ముకుని బతికింది. ఏడాదంతా అవే రొట్టెలు, అవే బన్నులు. కార్తికం వచ్చేసరికి మాత్రం ఆమెకు పూనకం వచ్చేది. క్రిస్మసు రొట్టెలు. బాదం, ఎండుద్రాక్ష, పాకంలో ఊరిన నారింజ తొక్క, రమ్ము, డబ్బాల కొద్దీ వెన్న. మొదలుపెట్టిన దగ్గర్నుంచి పండగ దాకా బట్టీలో ఎవరికీ కూర్చునే వీలుండేది కాదు.

ఆ పనికి ఆడకూలీలను పెట్టుకునేవారు. తులసమ్మను కూడా తీసుకొస్తానని మేస్త్రీ బుల్లియ్యతో అన్నాను. చేతికి పని ఉంటే ఓడ సంగతి మరుస్తుందేమోనని నా ఆశ.

"తేరా, తే" అన్నాడు బుల్లియ్య. "ఏడిస్తే మాత్రం పిండికి దూరంగా ఏడవమను. ఉప్పు ముందే ఏసీసినాను."

అలాంటి నోరు వాడిది. బట్టీకి మేస్త్రీ కాక ముందు తోలుబొమ్మలాటలో జనాన్ని నవ్వించే కేతిగాణ్ణి ఆడించేవాడట.

నేను రమ్మంటే తులసమ్మ కాదనలేదు, అవుననలేదు. మర్నాడు కొంగు బిగించి నా వెనక నడిచింది. ద్రాక్ష పళ్లలో పుల్లలు ఏరే చోట కూర్చోబెట్టారు. రమ్ము పోసి నానబెట్టిన గంగాళం మూత తీసేసరికి ముక్కు మూసుకుని, పక్కనున్న ముసలమ్మ తాయారమ్మతో అంది:

"ఓలమ్మ! మీ దొరసాని తాగి పిసుకుతాదేటి?"

"తాగేది పిండే అమ్మా. మనం కాదు" అంది తాయారమ్మ. "పిండికున్న అదురుష్టం మనకేదీ?"

తులసమ్మ నవ్వలేదు. కానీ పెదవి కదిలింది. బట్టీ దగ్గర నిలబడి నేను చూశాను. ఆ రోజంతా కట్టెలు ఎగదోస్తూ అటే చూశాను. ఒక పళ్లెం బన్నులు మాడిపోయి బుల్లియ్య చేత తిట్లు తిన్నాను.

రోజులు గడిచాయి. ఆమె ఏరడం నుంచి తొక్క తరగడానికి, తరగడం నుంచి పిండి పిసకడానికి వచ్చింది. ఆ పిండి మామూలు పిండి కాదు. బరువు. కల్లు పోసి పులియబెట్టినా వెన్న బరువుకు ఒక పట్టాన పొంగదు. దాన్ని ఎత్తి బల్లమీద కొట్టి, మడిచి, మళ్లీ కొట్టాలి. తులసమ్మ కొట్టేది. ఆమె అలా కొడుతుంటే బుల్లియ్య కూడా నోరు మూసుకుని పక్కనుంచి పోయేవాడు. ఇంటికొచ్చాక మాత్రం మళ్లీ అదే గోడ, అదే వీపు. పోలయ్య రోజూ వచ్చి ఓడ కబుర్లు చెప్పేవాడు. టిక్కెట్లు తీశానన్నాడు. ఆమె పాత చీరలు మూట కట్టడం మొదలుపెట్టింది. నేను చాప మీద కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. ట్రాము పట్టాల వెంట చివరిదాకా నడిచి, మళ్లీ వెనక్కి నడిచి వచ్చేవాణ్ణి.

అన్నిటికన్నా ముందు కాల్చే రొట్టె ఒకటుంది. దాన్ని దొరసాని స్టోలెన్ అనేది. కాల్చిన వెంటనే తినేది కాదు. వేడిమీద కరిగిన వెన్నలో ముంచి, పంచదార పొడిలో దొర్లించి, తెల్లగుడ్డలో చుట్టి, దానిమీద మైనం పూసిన గుడ్డ చుట్టి, పెట్టెల్లో సర్ది, పండగ దగ్గరపడే దాకా చీకటి గదిలో ఉంచాలి. అలా మగ్గితేనే రుచి. దాని రూపు కూడా వేరు. పిండిని ఒత్తి, ఒక పక్కను రెండో పక్క మీదికి మడుస్తారు. మధ్య ఎత్తుగా, రెండు కొసలూ సన్నగా ఉంటుంది.

మొదటి వాయి నేనే బట్టీలోంచి తీశాను. అన్నిటినీ వెన్నలో ముంచి పంచదార అద్దాక, దొరసాని ఒకదాన్ని గుడ్డలో చుట్టి చూపించింది. తులసమ్మ చేతులు చిన్నవి, ఒడుపైనవి. చుట్టే పని ఈమెదే అని దొరసాని వేలుపెట్టి చూపింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. చుట్టిన రొట్టెను మోచేతి వంపులో పెట్టుకుని ఇటూ అటూ ఊపి, వచ్చీరాని హిందూస్తానీలో ఏదో చెప్పింది.

"ఏటంటన్నాది?" అంది తులసమ్మ.

నేను బుల్లియ్య వంక చూశాను, వద్దని. వాడు చూడలేదు. చూసినా ఆగే రకం కాదు.

"ఇది పిల్లట. ఏసుబాబు పుట్టినప్పుడు పొత్తిళ్లలో సుట్టినారు కదా, అదట ఈ రొట్టి. ఈ తెల్ల పంచదారేమో గుడ్డ. ఈలు పిల్లని సేసి పిల్లని తింతారు. మరి ఈల దేవుడు, ఈల ఇష్టం."

తాయారమ్మ కత్తిపీట పక్కకు నెట్టేసింది. ఎవరూ నవ్వలేదు. తన మాట ఎక్కడ తగిలిందో బుల్లియ్యకు అప్పుడు తెలిసి నెత్తి గోక్కున్నాడు. తెల్లగా, మూరెడు పొడుగు కూడా లేకుండా, చల్లారుతూ వరసగా బల్ల మీద ఉన్నాయవి. నాకే అటు చూడబుద్ధి కాలేదు. తులసమ్మ లేచి బయటికి పోతుందనుకున్నాను. తిన్నగా రేవుకే పోతుందనుకున్నాను.

ఆమె చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. ఒక రొట్టెను రెండు చేతులతో ఎత్తి, గుడ్డ మీద పడుకోబెట్టి, ఒక కొస మడిచి, రెండో కొస మడిచి, కాళ్లవైపు గుడ్డను పైకి తీసి నడుం దగ్గర దోపింది. మా ఊరి ఆడవాళ్లు చుట్టినట్టే చుట్టింది. మైనపు గుడ్డ కూడా అలాగే చుట్టి, దాన్ని పెట్టెలో పెట్టి ఇంకోటి అందుకుంది.

"నాను సుడతాను. మీరు ఇటు రాకండి" అంది అందరితోనూ.

ఆ మధ్యాహ్నమంతా ఆమె ఒక్కతే చుట్టింది. బట్టీ పని వదిలి వెళ్లి చూసే తీరిక నాకు లేదు. సగం నోట్లోనే ఏదో కూనిరాగం తీస్తోందని తాయారమ్మ వచ్చి చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. పెట్టెల మూతలు బిగించినవాడు బుల్లియ్య. వాడికి ఎప్పుడూ తొందరే, లోపలికి తొంగి చూడలేదు. పెట్టెలు చీకటి గదిలోకి పోయాయి.

ఆ రాత్రి అన్నం పెడుతూ "ఉప్పు సాలిందా?" అని అడిగింది నన్ను. నన్నే. చాలిందన్నాను. నిజానికి చప్పగా ఉంది.

అంత మాత్రానికే నేను రెక్కలు కట్టుకున్నాను. పోలయ్యతో, "టిక్కెట్టు ఒకటి ఎనక్కిచ్చీరా" అన్నాను.

"అక్క ఇచ్చీమంటే ఇచ్చీస్తాను. నువ్వంటే కాదు" అన్నాడు.

అక్క ఇచ్చెయ్యమనలేదు. మూట కట్టడం మానలేదు. ఉప్పు సంగతి తప్ప ఇంకో మాట కూడా రాలేదు. ఓడ పోయే రోజు దగ్గరపడుతోంది. నాకు మళ్లీ కాలు నిలవడం మానేసింది.

పండగ పెట్టెలు దొరల ఇళ్లకు పంపే వారం దొరసాని గదిలోంచి మొదటి పెట్టె తీయించింది. బుల్లియ్య మూత లేపి, "అబ్బా!" అని వెనక్కి గెంతాడు. పెట్టె అంచు వెంట ఎర్రచీమల బారు. దొరసాని పైనున్న రొట్టెను తీసి బల్ల మీద పెట్టింది. కాళ్లవైపు, నడుం దగ్గర, గుడ్డ పెట్టినది పెట్టినట్టే ఉంది. తలవైపు మాత్రం గుడ్డ మూయలేదు. ఆ కొస తెరిచి ఉంది. తెరిచిన చోట పంచదార లేదు, వెన్న లేదు. తొలుచుకుపోయి గుంటలు గుంటలుగా ఉంది. ఇంకోటి తీసింది. అదీ అంతే. ప్రతి రొట్టె అంతే. మొదట దొరసాని తన చేత్తో చుట్టినది ఒక్కటే చెక్కు చెదరకుండా ఉంది.

"ఎవరు చుట్టారివి?" అంది దొరసాని.

తెలిసీ అడిగింది. బుల్లియ్య నోరు తెరిచేలోపల తులసమ్మ ముందుకొచ్చింది.

"నానే."

"కొస ఎందుకు మూయలేదని అడుగు" అంది దొరసాని బుల్లియ్యతో. కోపంతో ఆమె మెడ ఎర్రబడింది. బుల్లియ్య అడిగాడు.

"పిల్లన్నారు కదా" అంది తులసమ్మ. "పిల్లకి మొకం ముయ్యరు."

ఆ మాటను హిందూస్తానీలో ఎలా పెట్టాలో బుల్లియ్య లాంటి వాగుడుకాయకు కూడా తెలియలేదు. తన ముఖం చేత్తో కప్పి చూపించి, వద్దన్నట్టు ఆ చెయ్యి ఊపాడు. దొరసాని ముందు వాణ్ణి చూసింది, తర్వాత తులసమ్మను చూసింది. చాలాసేపు చూసింది. మెడ మీది ఎరుపు దిగింది. పొమ్మంటుందని నేను కాచుకుని ఉన్నాను. పొమ్మనలేదు. చీమలు దులపమంది. పాడైన కొసలు కోసేసి, కోసిన వైపు మళ్లీ వెన్న పూసి పంచదార అద్దమంది. లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

"అయితే ఈ ఏడు పిల్లలు పొట్టోళ్లు" అని గొణిగి, బుల్లియ్య వెంటనే నాలుక కరుచుకున్నాడు. "ఓలమ్మా తులసమ్మా, నా నోరు పడ. నువ్వు లెగు, నాను కోస్తాను."

"ఒద్దు. ఇలగ తే ఆ కత్తి" అంది తులసమ్మ.

పీట వాల్చుకుని కూర్చుంది. వెన్న పూయడానికి నేను ఎదురుగా కూర్చున్నాను. ఆమె ఒక్కొక్క గుడ్డా విప్పి, చీమలు దులిపి, తొలిచిన ముఖం మీద వేళ్లు ఆనించి చూసి, కోసి నాకు అందించేది. నేను వెన్న పూసేవాణ్ణి. కోసిన కొసలు ఆమె ఒడిలో పోగుపడ్డాయి. తలెత్తలేదు.

"తెరిసి ఒగ్గీస్తే సీమలు తినీస్తాయి" అంది.

నేను ఇంకో రొట్టెకు వెన్న పూశాను.

"నేల్లో అయితే ఇంకా ఎక్కువ ఉంటాయి."

"ఉంటాయి."

కత్తి ఆగింది. "అందుకేనా కప్పీసినావు?"

అవునంటే సరిపోయేది. అంత మంచి కారణం నాకై నేను వెతుక్కున్నా దొరికేది కాదు. ఏమైందో, నోరు తిరగలేదు.

"కాదు" అన్నాను. "సూస్తా నడవలేకపోనాను."

ఆమె అప్పుడు తలెత్తి నా ముఖం చూసింది. వానలు పోయాక అదే మొదటిసారి. జాలి పడిందో, నన్ను అప్పుడే గుర్తుపట్టిందో చెప్పలేను. మళ్లీ కత్తి అందుకుంది. రెండు మూడు రొట్టెలు కోశాక, వాటితోనే చెబుతున్నట్టు అంది:

"ఓడెక్కీలోగ నాకా సోటు సూపించు."

"ఆడోళ్లు రాకూడదు."

"ఎవులు సెప్పినారు? ఆ సెప్పినోల్లని మొయ్యమను."

మర్నాడు ట్రాములో చిమిండైంగ్ వెళ్లాం. సంత దాటి ఏటి ఒడ్డుకు దిగాం. నేను ముందు, ఆమె వెనక. వానలో చూసిన చోటు నాకు బాగా గుర్తుందనుకున్నాను. ఒక వంగిన చెట్టు, దాని పక్కన పాత పడవ, పడవకు ఎదురుగా అనుకున్నాను. చెట్టు లేదు. పడవలు చాలా ఉన్నాయి. బురద ఎండి గడ్డి మొలిచింది. ఒడ్డు కోసుకుపోయి కొత్తగా గట్టు లేచింది. ఇటు నడిచాను, అటు నడిచాను. వల బాగుచేసుకుంటున్న ఒక బర్మా ముసలాయన్ని "ఊలే" అని, అంటే బాబాయ్ అని, పిలిచి అడిగాను. వానల్లో ఏరు ఇక్కడి నేల చాలా పట్టుకుపోయిందని చేత్తో చూపించాడు. నేను మళ్లీ నడిచాను. చెమటలు పట్టాయి. ఆమె కదలకుండా నిలబడి నన్నే చూస్తోంది.

"ఏటి?" అంది.

"తెలీటం లేదే" అన్నాను. "ఏది సోటో తెలీటం లేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నాలుగడుగులు వేసి, గడ్డి కాస్త పలచగా ఉన్న ఒక చోట ఆగింది. అక్కడే కూర్చుంది. నేలను అరచేత్తో రాసింది.

"ఇక్కడే" అంది.

నేను కాదనలేదు.

ఆమె లేచేసరికి పొద్దు వాలింది. చీర దులుపుకుంటూ, "పోలయ్యకి సెప్పీ. నాను రాను" అంది.

రెండడుగులు ముందుకేశాను. "ఉండిపోతావా?"

"పిల్లని ఒక్కదాన్నీ ఒగ్గీసి ఎలగ ఎల్తాను?"

నేను అడిగింది ఒకటి, ఆమె చెప్పింది ఇంకొకటి. తేడా తెలిసీ ఊరుకున్నాను.

పోలయ్య నన్ను తిట్టి, వాళ్లక్కను తిట్టి, ఒక్కడే ఓడెక్కాడు. పండగ వెళ్లాక తులసమ్మ చిమిండైంగ్‌లో ఏటికి దగ్గరగా ఒక గది చూసింది. నన్ను అడగలేదు, మూట అక్కడ దించింది. అప్పటినుంచి తెల్లవారకుండానే లేచి అక్కణ్ణుంచి చౌక్తడా బట్టీకి నడవడం నా రాత. "అదురుష్టవంతుడివిరా దండాసీ, నీ మొకం సూసి ఉండిపోనాది" అంటాడు నాతో బుల్లియ్య ఇప్పటికీ. నేను కట్టెలు ఎగదోస్తాను.

రోజూ సాయంత్రం ఆమె ఒడ్డుకు వెళ్లి కాసేపు కూర్చుని వస్తుంది. ప్రతి వానాకాలం ఏరు ఆ గట్టును కాస్త కోసుకుపోతుంది. నీళ్లు తగ్గాక ఆమె పాత చోటు కోసం వెతకదు. నాలుగడుగులు వెనక్కి జరిగి, నేల రాసి చూసుకుని, "ఇక్కడే" అని కూర్చుంటుంది. నేను కాస్త దూరంగా నిలబడి ఉంటాను.